వద్దని మూసేసిన బోరు ఊరిని బతికించింది!

ఈరోజు మిమ్మల్ని ఒక చిన్న ఊరికి తీసుకెళ్తా. పేరు బాడ్ జుర్జాక్. స్విట్జర్లాండ్ ఉత్తరం అంచున, రైన్ నది ఒడ్డున ఉంటుంది. వంతెన మీద నడిచి అవతలి ఒడ్డుకి వెళ్తే జర్మనీ. అంటే అక్కడ నదే సరిహద్దు.

జర్మన్ భాషలో 'బాడ్' అంటే స్నానం. వేడి నీటి స్నానాలకి పేరున్న ఊళ్ల ముందు ఆ మాట పెట్టుకుంటారు. కానీ ఈ ఊరు పుట్టింది వేడి నీళ్ల వల్ల కాదు. నాకు ఇంట్రెస్టింగ్‌గా అనిపించింది అదే.

ముందు రోమన్లు వచ్చారు. ఇక్కడ రైన్ దాటడానికి వంతెన కట్టారు, కాపలాకి కోట కట్టారు. అప్పటి పేరు టెనెడో. తర్వాత వెరేనా అనే సాధ్వి సమాధి వల్ల ఇది యాత్రాస్థలం అయింది. పేదల తల దువ్వి, స్నానం చేయించి, రోగులకి సేవ చేసిందని ఆమె గురించి చెప్పుకుంటారు. అందుకే ఆమె బొమ్మల్లో ఒక చేతిలో దువ్వెన, ఇంకో చేతిలో నీళ్ల కూజా ఉంటాయి.

జనం వచ్చే చోటికి వ్యాపారం రాకుండా ఉంటుందా? మన జాతరల్లాగే ఇక్కడా పెద్ద సంతలు మొదలయ్యాయి. ఏడాదికి రెండుసార్లు, దూర దేశాల నుంచి కూడా వ్యాపారులు వచ్చేవాళ్లు. తోలు వ్యాపారం బాగా జరిగేది. వందల ఏళ్లు ఊరు దాని మీదే బతికింది. కానీ కాలం మారింది, వ్యాపారం దారి మార్చుకుంది. 1856తో సంతలు ఆగిపోయాయి.

ఇప్పుడు అసలు ట్విస్ట్. 1914లో ఉప్పు కోసం బోరు వేస్తుంటే, 400 మీటర్లకు పైగా లోతులో వేడి నీళ్లు తగిలాయి! మరి ఏం చేశారు? మూసేశారు. వాళ్లకి కావాల్సింది ఉప్పు, నీళ్లు కాదు.

మళ్లీ బోరు వేసింది 1955లో. అంటే 41 ఏళ్ల తర్వాత! సుమారు 40 డిగ్రీల వేడి నీళ్లు పైకొచ్చాయి. స్నానాల కొలనులు, హోటళ్లు, కీళ్ల నొప్పులకి వైద్యం, అన్నీ ఆ తర్వాత వచ్చినవే. 2006లో ఊరి పేరు ముందు 'బాడ్' చేరింది.

ఇంతకీ నీళ్లు ఎందుకు వేడెక్కాయి? భూమిలోకి వెళ్లేకొద్దీ, మామూలుగా కిలోమీటరుకి 25 నుంచి 30 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది. ఆ లెక్కన 400 మీటర్ల దగ్గర ఇంత వేడి ఉండకూడదు. అంటే ఇంకా లోతుకి దిగి వేడెక్కిన నీరు, రాళ్ల పగుళ్లలోంచి పైకి వస్తోందన్నమాట.

ఇలాంటిది మన దగ్గరా ఉంది. మణుగూరు దగ్గర పగిడేరులో బొగ్గు కోసం బోర్లు వేస్తే వేడి నీళ్లొచ్చాయి. ఆ వేడితో కరెంటు తీయడానికి సింగరేణి 20 కిలోవాట్ల చిన్న ప్లాంటు పెట్టింది.

నాకు అర్థమైంది ఒక్కటే ఫ్రెండ్స్. సంత పోయాక ఈ ఊరికి ఇంకో పెద్ద ఆధారం దొరకడానికి దాదాపు వందేళ్లు పట్టింది. అందులో 41 ఏళ్లు, ఆ ఆధారం వాళ్ల కాళ్ల కిందే మూతపడి ఉంది. మనం ఒకటి వెతుకుతుంటే ఇంకోటి దొరుకుతుంది. 'ఇది నాకెందుకు' అని మూసేసే ముందు, ఒక్కసారి ఆగి చూద్దాం.

మీ ఊరి పక్కన ఇలాంటి వేడి నీటి బుగ్గ ఉంటే కామెంట్‌లో చెప్పండి.