మరల కాశికి

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



కాశికి పోయినవాడును, కాటికి పోయినవాడును ఒక్కటే యని పెద్దల మాట. అది వట్టి భయము వలన పుట్టిన మాట కాదు. చెన్నపట్టణపు సుప్రీము కోర్టులో ద్విభాషిగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18వ తేదీన బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరెను. పల్లకీలును, బోయీలును, పెద్ద పరివారమును గల సంపన్నునకే పదునైదు నెలలకు పైబట్టిన ప్రయాణమది. దారిలో ఆయన మిత్రునకు వ్రాసిన లేఖలు 1838లో 'కాశీయాత్ర చరిత్ర' యను పేర అచ్చయినవి. దేవాలయములను వర్ణించినట్లే, ఏ మజిలీలో ఏ దినుసులు దొరకును, నీరెట్టిది, దిగుటకు వసతి కలదా లేదా యని ఆయన ఊరూరను విచారించి వ్రాసియున్నాడు. యాత్రికునకు దేవునికంటె ముందు ఆకలి ఎదురుపడును గదా!

అట్టి యాత్ర జన్మమునకొక్కమారు. పోవువాడు ఆస్తిపాస్తుల సంగతి కుమారులకు చెప్పి, బంధువులకడ సెలవు తీసుకొని పోయెడివాడు. ప్రాణములతో తిరిగివచ్చినచో కాశీసమారాధన చేసి, గంగచెంబునకు పూజ సలిపి, ఊరివారికి భోజనము పెట్టెడివాడు. మరల పోవుదునన్న మాట ఎవరి నోటను వచ్చెడిది కాదు. రైళ్లు వచ్చిన పిదప ఈ సంగతి మారినది. 1887లో రాజఘాటు వద్ద గంగపై వంతెన తెరువబడగా, ఆవలి గట్టున దిగి నది దాటవలసిన అక్కర తీరినది. నేడు బెజవాడలోగాని సికిందరాబాదులోగాని రైలెక్కినవాడు రెండు దినములలోపల కాశిలో కాలు పెట్టును. పోయినవాడు వచ్చుటయేకాక, వచ్చినవాడు మరల పోవుటయు సాధ్యమైనది.

అయినను, మరల పోవువానిని ఊరివారు నేటికిని ఒక ప్రశ్న వేయుదురు. "ఒకసారి పోయివచ్చితివి గదా! పితృకార్యములు తీరినవి గదా! మరల ఏమి పని?" యని. "కడుపార తినుటకు, కాళ్లార తిరుగుటకు" అనునది నిజమైన సమాధానము. కాని కాశి పేరు చెప్పి ఆ మాట పైకి అనుటకు ఎవనికైనను నోరు రాదు. పుణ్యక్షేత్రమునకు రుచికొరకు పోవుట తప్పు కాదా యని అడుగువారికంటె ముందుగా వాని మనస్సే వానిని అడుగును.

తెలుగువానికి ఈ సంకోచము మరింత ఎక్కువ. ఏలయన, మన ఆచారములో కాశి తినుటకు పోవు చోటు కాదు, తినుట మానుకొని వచ్చు చోటు. ఇష్టమైన కాయ నొకదానిని, పండు నొకదానిని అక్కడ గంగలో వదలి, ఆ మీదట జీవితాంతము ముట్టకుండుట నియమము. దీనికి పౌరాణికులు చమత్కారముగా అర్థము చెప్పుదురు. వదలవలసినది కాయాపేక్ష, అనగా శరీరముపై మమకారము. ఫలాపేక్ష, అనగా చేసిన పనికి ప్రతిఫలము కోరుట. ఆ రెండును వదలుట కష్టము గనుక, జనులు తెలుగు కాయను, సంతలోని పండును వదలి తేలికపడిరట! అందులోను గడుసువారు కాకరకాయను వదలి వచ్చుటయు కలదు. పుట్టినది మొదలు దానిని నోట పెట్టని వారే ఆ పని చేయుదురు. కాని నిజముగా ప్రాణమునకు ప్రాణమైన పనసపండునో మామిడిపండునో వదలి, ముప్పది యేండ్లు మనుమల చేతిలోని ముక్కను చూచుచు ఊరకున్న ముసలివారు ప్రతి గ్రామమునను ఉందురు. వారిని చూచినపుడు ఆ ఆచారమును నవ్వి త్రోసివేయుటకు మనసొప్పదు.

ఇక రెండవ ప్రక్క చూడవలెను. ఏ ఊరిలో నోరు కట్టుకొనవలెనో, ఆ ఊరి అధిదేవత అన్నపూర్ణ! విశ్వనాథుడే ఆమె యెదుట భిక్షాపాత్ర పట్టెనని కథ. శ్రీనాథుని గ్రంథములు చదివినవారికి వ్యాసుని వృత్తాంతము తెలిసినదే. శిష్యులతో కాశివీధులలో ఇంటింటికి తిరిగినను వ్యాసునకు భిక్ష పుట్టలేదు. అది శివుని పరీక్ష. ఆకలికి తాళలేక అంతటి వేదవ్యాసుడు కాశీనగరమునే శపింపబోయెను. అంతట అన్నపూర్ణ సామాన్య గృహిణివలె వాకిట నిలిచి, మందలించి, లోనికి పిలిచి, అందరికి తృప్తిగా వడ్డించెను. భోజనము ముగిసినది; శివుడు ప్రత్యక్షమై కాశి విడిచి పొమ్మనెను. ఆ దుఃఖముతో బయలుదేరిన వ్యాసుడు మన దాక్షారామమునకు వచ్చినట్లు భీమేశ్వరపురాణము చెప్పును. కాని కాశిని మరువగలిగెనా? అష్టమి, చతుర్దశి దినములందు ఊరిలోనికి వచ్చుటకు ఆయన అనుమతి కోరి పొందినట్లు కాశీఖండమున నున్నది. గంగ ఆవలి గట్టున, రామనగరపు కోటలో ఆయనకు ఆలయము కలదు. మరల మరల కాశికి రాగోరిన వారిలో ఆద్యుడు ఆయనయే యనవచ్చును. ఆ ఊరిలో ఆయన చివరిగా అనుభవించినది ఒక భోజనమని మరువరాదు.

పల్లెటూరి గ్రంథాలయములలో అట్టలూడిపోవునంతగా చదువబడిన మధిర సుబ్బన్న దీక్షితులవారి 'కాశీమజిలీ కథలు' ఈ సందర్భమున తలపునకు రాకమానవు. మణిసిద్ధుడను బ్రహ్మచారికి తోడు వచ్చుటకు గోపకుమారుడు ఒప్పుకొన్నది పుణ్యము కొరకు కాదు. దారి పొడుగున కథలు చెప్పవలెనని షరతు పెట్టియే. మజిలీ చేరగానే గురువు వంటకు పూనుకొనును, పిల్లవాడు ఊరిమీద పడి తిరుగును. ఏదో వింత చూచి వచ్చును, తినును, దాని కథ చెప్పుమని పట్టుపట్టును. పన్నెండు భాగముల గ్రంథమంతయు ఆ తిరుగుడు, ఆ తిండి, ఆ కథ, ఈ మూటిపైననే నడచినది. ఆ పిల్లవాడు తిరుగక వంట యెదుట కూర్చుండియున్నచో దీక్షితులవారికి కథ యేది?

మొదటిసారి కాశికి పోయినవానికి గోపకుమారుని తీరిక యుండదు. తొమ్మిది రాత్రులు నిద్ర చేయవలెను. తర్పణములు, పిండప్రదానములు, నడుమ ప్రయాగ, గయ. పురోహితుని వెంట పరుగు, చేతిసంచిపై కన్ను. పాండే హవేలీలోని ఆంధ్రాశ్రమమున మధ్యాహ్నము తెలుగు భోజనము దొరకును గనుక నాలుకకు పరదేశమునకు వచ్చినట్లే తోచదు. పదవనాడు రైలెక్కి, సీలువేసిన గంగచెంబులను లెక్కపెట్టుకొనుచు తిరిగివచ్చును. "ఊరెట్లున్నది?" అని అడిగినచో, "ఇరుకు సందులు, ఎద్దులు" అనును. పాపము, అతడు చూచినది అంతే. 2023 ఏప్రిలు 22 మొదలు పన్నెండు దినములు జరిగిన గంగాపుష్కరములలో, వేసవి యెండలో, మన ప్రాంతములనుండి పోయిన వేలాది జనులలో ఎక్కువమంది అనుభవము ఇట్టిదే.

రెండవసారి పోవువాడు పితృఋణము తీర్చుకొన్నవాడు. వానికి గడియారముతో పని లేదు. తెల్లవారకమునుపే గదినుండి బయటపడును. కాశిలో గంగ ఉత్తరమునకు ప్రవహించును. ఘట్టములన్నియు పడమటి గట్టున నుండి ఉదయించు సూర్యునకు ఎదురుగా నుండును. అస్సీ మొదలు రాజఘాటు వరకు ఎనుబదినాలుగు ఘట్టములని లెక్క; ఆరేడు కిలోమీటర్ల నడక. వరదనీరు మెట్లనెక్కు శ్రావణభాద్రపదములలో ఈ నడక సాగదు. కార్తికము మొదలు ఫాల్గునము వరకు నడచుటకు అనువైన కాలము. తెలుగువాడు తీరికగా నడచినచో అడుగడుగునను తనవారే తగులుదురు. కేదార ఘట్టమున ఎఱుపు తెలుపు చారల మెట్లు మన దేవాలయపు గోడలను జ్ఞప్తికి తెచ్చును. దాని ప్రక్కనే విజయనగర ఘట్టము. మరికొంత దూరము పోగా పంచగంగా ఘట్టము. విజయనగర ప్రాంతమువాడని చెప్పబడు త్రైలింగస్వామి అచ్చటనే చిరకాలము నివసించి, వంతెన తెరచిన ఆ 1887లోనే సిద్ధి పొందెను. కోనసీమలోని ముంగండ అగ్రహారపు వాడైన జగన్నాథ పండితరాయలు గంగను స్తుతింపగా, ఒక్కొక్క శ్లోకమునకు ఒక్కొక్క మెట్టు చొప్పున నది పైకి వచ్చెనను కథను పడవవారు ఆ ప్రాంతమున నేటికిని చెప్పుదురు.

ఎండ పొడసూపువేళకు ఆకలియగును. సందులలోనికి తిరుగవలెను. ఇద్దరెదురైన ఒకరు గోడకు ఒదుగవలసిన సందులవి. ఎద్దు ఎదురైనచో ఇద్దరును ఒదుగవలెను. దారి తప్పినచో భయము లేదు: పల్లమునకు దిగుచు పోయిన గంగ కనబడును. నాలుగు సందులు కలియుచోట పెద్ద మూకుడులో కచోరీలు వేగుచుండును. లోపల నూరిన మినపపిండి; మన గారెలకు చెల్లెలు కాకున్నను చుట్టమే. ఆకుదొప్పలో బంగాళాదుంప కూరతో కలిపి యిత్తురు; వెంటనే వేడి జిలేబీ. ప్రొద్దుననే కారము, తీపి కలిపి తినుట మనవారికి మొదట వింతగా తోచును. రెండవనాడు తోచదు. మూడవనాడు కాళ్లే అటు పోవును. ఠఠేరీ బజారను కంచరివారి వీధిలో ఇత్తడి పాత్రల మిలమిలలు చూచుచు, మట్టిముంతలోని లస్సీ త్రాగి, ముంతను పగులవైచి ముందుకు సాగుటలో నొక చిన్నపిల్లల సంతోషమున్నది.

వీటినెల్ల మించినది మలైయ్యో. చలికాలమున మాత్రమే దొరకును. కాచిన పాలను రాత్రియంతయు ఆరుబయట మంచులో నుంచి, తెల్లవారుజామున చిలికి, పైకి లేచిన నురుగునకు ఏలకులు, కుంకుమపువ్వు చేర్చి ముంతలలో పోసి అమ్ముదురు. నోట పెట్టుకొన్నంతనే కరగి, తిన్నామో లేదో తెలియనీయదు. ప్రొద్దెక్కిన కొలది నురుగు అణగిపోవును. అమ్మువాడును ఇల్లు చేరును. దానిని మూటగట్టి ఊరికి తెచ్చుట ఎవరి తరమును కాదు. కాశికి పోయి గాడిదగుడ్డు తెచ్చినట్లని ఎగతాళి చేయువారికి చూపుటకు ఇందులో నేమియు లేదు. కావలసినవాడు అక్కడికే పోవలెను, ఆ నెలలలోనే పోవలెను, ఎండ రాకమునుపే లేవవలెను. విశ్వనాథుని దర్శనమునకైనను ఇన్ని నియమములు లేవు.

మరల పోవువానికి దుఃఖమును కలదు, దానిని దాచరాదు. విశ్వనాథుని ఆలయప్రాంగణము మునుపు సుమారు మూడువేల చదరపుటడుగులు. మూడువందలకు పైగా కట్టడములను కొని తొలగించి, సుమారు ఐదు లక్షల చదరపుటడుగుల ఆవరణముగా పెంచి, 2021 డిసెంబరు 13న దానిని ప్రారంభించిరి. ముసలివారికి, రోగులకు త్రొక్కిడి లేని దర్శనము లభించినది. గంగనుండి నేరుగా గుడికి నడచిపోవచ్చును. ఈ మేలును కాదనరాదు. కాని అంతకు పూర్వము ఒకసారి పోయి, ఏ సందు మలుపున నిలిచి తిన్నాడో ఆ మలుపును వెదకుకొనుచు వచ్చినవానికి ఇప్పుడు నున్నని రాతిపరుపు మాత్రము కనబడును. లాహోరీ టోలా యను పాత వాడకు వాడయే పోయినది. దారి చెప్పిన అరుగు లేదు, అరుగుమీది ముసలివాడు లేడు. మంచినీరు ఇచ్చిన ఇల్లు ఏ దిక్కున నుండెనో కూడ పోల్చుకొన వీలులేదు. అట్టివాడు కొంతసేపు ఏమియు తోచక నిలుచుండును.

అదే సంవత్సరము, అదే ఆవరణమునకు మరియొకరు తిరిగి వచ్చిరి. నూరేండ్లకు పూర్వము కాశినుండి అపహరింపబడి కెనడా దేశము చేరిన అన్నపూర్ణ శిలావిగ్రహమును అక్కడి రెజైనా విశ్వవిద్యాలయము వారు మన దేశమునకు మరల అప్పగింపగా, 2021 నవంబరు 15న అచ్చట ప్రతిష్ఠించిరి. చిన్న విగ్రహము. ఒక చేత పాయసపు గిన్నె, ఒక చేత గరిటె. ఆమె వెడలినపుడున్న సందులు ఆమె వచ్చునప్పటికి లేవు. అయినను గిన్నె యట్లే యున్నది, గరిటె యట్లే యున్నది.

ఇక నియమము మాట. మాఘమాసమున మొదటి యాత్ర చేసి, మామిడిపండును గంగలో వదలిన వాడొకడు జ్యేష్ఠమాసమున మరల కాశికి పోయినాడనుకొందము. అది లంగడా మామిడి దిగు కాలము. పండినను పైతోలు పచ్చగానే యుండును. వాసనయే దాని జాడ చెప్పును. 2023లో దానికి కాశి తాంబూలముతో పాటు భౌగోళిక గుర్తింపు వచ్చినది. బండ్లమీద, గంపలలో, అరుగులమీద ఎక్కడ చూచినను అదే పండు. వాడు నియమము తప్పునా? తప్పడు. ధర యడుగును, చేత పట్టి చూచును, ముక్కుదగ్గర పెట్టుకొనును, ఒక గంప కొనును. రెండు దినములు రైలులో పై బల్లమీద దానిని పెట్టుకొని, ప్రతి స్టేషనులోను తడిమి చూచుకొనును. ఇంటికి రాగానే కత్తిపీట వేయించి, తానే కోసి, పిల్లలకు, ఇరుగుపొరుగులకు పంచిపెట్టును. "తీయగా నున్నదా? పీచున్నదా? మన బంగినపల్లికి తీసిపోవునా?" యని ఒక్కొక్కరిని అడుగును. తాను టెంకనైనను ముట్టడు. అందరును తిని లేచిన పిదప చేతులు కడుగుకొనక కొంతసేపు అట్లే కూర్చుండి, ఈసారి మార్గశిరములో పోవలెనని, మలైయ్యోను తాను వదలలేదు గదా యని లెక్క వేసికొనును.