మాంసమా, పప్పుకూరలా?
(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు ఎప్పటిలాగే ఆడపిల్లల చదువు గురించి మాట్లాడమన్నారు. ఈ ఒక్క ఏడూ మరో విషయం చెప్పుకుంటామని ఆయన్ని బతిమాలి అనుమతి తీసుకున్నాం. దానికి కారణం మొన్న షాదీఖానాలో మన సంఘం పెట్టిన షుగర్, బీపీ శిబిరం. బడిపంతుళ్లం కదా, మాకు రాతపని అప్పగించారు. పేరు, వయసు, బరువు, నడుం కొలత రాయాలి. దర్జీ టేపు పట్టుకుని పొద్దుటి నుంచి అసర్ దాకా కూర్చున్నాం. నడుం చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్తపడాలని డాక్టరమ్మ చెప్పారు. నలభై ఏళ్లు దాటి, 90 లోపు ఉన్న మగవాడు కనిపిస్తే లేచి చేయి కలపాలనిపించింది. అంత తక్కువమంది ఉన్నారు.

కొలత రాయించుకుని లేచే ముందు దాదాపు అందరూ ఒకే ప్రశ్న అడిగారు. "సార్, ఇక మాంసం మానేయాలా?" ఒక పెద్దావిడ మాత్రం తిరగేసి అడిగింది. "అన్నం మానేసి గోష్ ఒక్కటే తింటే షుగర్ పోతుందని మా మనవడు ఫోనులో చూపించాడు. నిజమేనా బాబూ?"

మేము డాక్టర్లం కాము. ఆ రోజు జవాబు చెప్పలేక డాక్టరమ్మ వైపు చేయి చూపించాం. కానీ ఆ ప్రశ్న మాతోపాటు ఇంటికొచ్చింది. చదవడం, పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడం మా వృత్తి. ఈ మూడు నెలల్లో చదివింది, మా ఇంట్లో చూసింది మీ ముందు పెడతాం.

ముందు మా స్టాఫ్ రూము సంగతి చెప్పాలి. మా లెక్కల మాస్టారు కోడిగుడ్డు కూడా ముట్టరు. ఆయనకు నలభై రెండో ఏట షుగర్ వచ్చింది. మా భాయిజాన్ వారంలో అయిదు రోజులు మాంసం లేకుండా ముద్ద దించరు. ఆయనకు నలభై అయిదో ఏట వచ్చింది. మాస్టారేమో "మీ మాంసం వల్లే" అంటారు, భాయిజాన్ మా బడికి వచ్చినప్పుడల్లా "మరి మీకెందుకొచ్చింది పంతులుగారూ" అని నవ్వుతారు. ఇద్దరూ మింగేది ఒకే బిళ్ల, మెట్‌ఫార్మిన్. ఇద్దరి మధ్యాహ్నం క్యారియర్లూ మేము చూశాం. మాస్టారి క్యారియర్లో మూడు గిన్నెల అన్నం, కాస్త పప్పుచారు, వేపుడు. భాయిజాన్ క్యారియర్లోనూ మూడు గిన్నెల అన్నం, కాకపోతే పప్పుచారు బదులు నాలుగు ముక్కల కూర. గొడవంతా ఆ పై గిన్నె గురించే. కింది మూడు గిన్నెల మాట ఇద్దరూ ఎత్తరు.

దేశం లెక్కలు చూసినా ఇలాగే ఉంది. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతా తిరిగి చేసిన సర్వే 2023లో వచ్చింది. మన దేశంలో 10 కోట్లకు పైగా జనానికి షుగర్ ఉందనీ, మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని గుమ్మంలో ఉన్నారనీ తేల్చింది. షుగర్ ఎక్కువున్న రాష్ట్రాల్లో చేపలు తినే గోవా, కేరళ ముందున్నాయి. సరే, తప్పు చేపలదే అనుకుందామా? అదే సర్వేలో రక్తపోటు అన్నిటికంటే ఎక్కువ ఉన్నది పంజాబులో, నూటికి 51 మందికి పైగా. పంజాబులో ఎక్కువమంది శాకాహారులే. తినేది మాంసమా కాదా అన్న ఒక్క ముక్కతో ఈ జబ్బుల లెక్క కుదరదు.

అలాగని మాంసానికి మేము సర్టిఫికెట్ ఇవ్వడం లేదు. ఇరవై దేశాల్లో దాదాపు 20 లక్షల మందిని పరిశీలించిన అధ్యయనం ఒకటి 2024లో వచ్చింది. రోజూ 100 గ్రాముల ఎర్రమాంసం, అంటే మేక, గొర్రె, పశువు మాంసం తినేవాళ్లకు షుగర్ వచ్చే అవకాశం 10 శాతం ఎక్కువని అందులో కనబడింది. సాసేజీల వంటి నిల్వ మాంసమైతే 50 గ్రాములకే 15 శాతం. పిల్లలు బేకరీల్లో కొనుక్కునేవి ఈ రెండో రకంవే, తల్లులు గుర్తుంచుకోవాలి. ఇక తెల్లన్నం సంగతి. 21 దేశాల్లో 1,32,000 మందికి పైగా జనం మీద చేసిన పరిశీలన 2020లో వచ్చింది. రోజుకు 450 గ్రాములు, ఆపైన వండిన అన్నం తినేవాళ్లను, 150 గ్రాముల లోపు తినేవాళ్లతో పోల్చారు. మన దక్షిణాసియాలో షుగర్ వచ్చే అవకాశం 61 శాతం ఎక్కువగా కనిపించింది. ఇలాంటివి జనాన్ని ఏళ్ల తరబడి చూసి వేసిన లెక్కలు. ఇదే కారణమని గట్టిగా చెప్పవు, చూపు ఎటు తిప్పాలో చెబుతాయి. పదీ, అరవై ఒకటీ పక్కపక్కన రాసి చూసుకున్నాక మా చూపు అన్నం గిన్నె వైపు తిరిగింది.

ఇంకొక ప్రయోగం మాకు చాలా నచ్చింది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థలో 20 మందిని నెల రోజులు అక్కడే ఉంచి భోజనం పెట్టారు. రెండు వారాలు కొవ్వు తక్కువున్న శాకాహారం, రెండు వారాలు పిండిపదార్థాలు బాగా తగ్గించిన మాంసాహారం. కడుపునిండా తినమన్నారు. శాకాహారం తిన్న రోజుల్లో ఎవరూ చెప్పకుండానే రోజుకు 550 నుంచి 700 కేలరీలు తక్కువ తిన్నారు. మాంసాహారం తిన్న రోజుల్లో మాత్రం భోజనం తర్వాత రక్తంలో చక్కెర, ఇన్సులిన్ తక్కువ ఉన్నాయి. 2021లో ఆ ఫలితం వచ్చినప్పుడు రెండు పక్షాలవాళ్లూ మేమే గెలిచామన్నారట. మా స్టాఫ్ రూములోనూ అదే జరిగింది.

ఒంట్లో జరిగేది క్లాసులో చెప్పినట్టు చెబుతాం. అన్నం తిన్నాక రక్తంలోకి వచ్చే చక్కెరను ఎక్కువగా దాచుకునేవి కండలు, ఆ తర్వాత కాలేయం. నడిచి, బరువులు మోసి కండల్లో దాచింది ఖర్చుచేస్తే మళ్లీ చోటు దొరుకుతుంది. రోజంతా కొట్లో గల్లాపెట్టె ముందు కూర్చుంటే చోటు దొరకదు. మిగిలింది కాలేయం కొవ్వుగా మారుస్తుంది. కొవ్వు పట్టిన కాలేయం ఇన్సులిన్ మాట వినదు. మనం నిద్రపోతున్నా రక్తంలోకి చక్కెర వదులుతూనే ఉంటుంది. "రాత్రి ఏమీ తినలేదు సార్, పరగడుపున 160 ఎలా వచ్చింది" అని శిబిరంలో ఒకాయన పోట్లాడారు. ఇలాగే వచ్చింది.

ఇక భాయిజాన్ కథ. ఆయన రెండో వరసలో కూర్చున్నారు, చెప్పుకోమని అనుమతి ఇచ్చారు. పోయినేడు ఆయన కూడా ఫోనులో చూసి అన్నం, రొట్టె, పండు, పప్పు అన్నీ మానేసి మూడు నెలలు మాంసం, గుడ్లు మాత్రమే తిన్నారు. మూడు నెలల షుగర్ సగటు తొమ్మిది దగ్గరున్నది ఏడుకు దిగింది. బరువూ తగ్గారు. దాంతో ఎవర్నీ అడక్కుండా బిళ్లలు ఆపేశారు. ఆ సంగతి మాకు తెలియదు. తెలిసిన రోజు డాక్టరు రెండో కాగితం చూపించారు, చెడ్డ కొలెస్ట్రాల్ అంతకు ముందుకంటే బాగా పెరిగింది. మలబద్ధకం సరేసరి. తర్వాత కూతురి పెళ్లి వచ్చింది. పదిహేను రోజులు బిర్యానీ, జర్దా, డబుల్ కా మీఠా. బిళ్లలు లేవు, పథ్యమూ లేదు. కాలి వేలికి చిన్న పుండు పడి రెండు నెలలు మానలేదు. వేలు మిగిలింది, అల్‌హమ్దులిల్లాహ్. వదినమ్మ ఆ రెండు నెలలు పడ్డ భయం మేము చూశాం.

మా లెక్కల మాస్టారి దారి వేరు. అన్నం బదులు పెద్ద గ్లాసుడు రాగిజావ బెల్లం వేసుకుని తాగడం మొదలుపెట్టారు. ఆయన షుగర్ కదల్లేదు. 2025లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి వారి మరో నివేదిక చదివి వినిపించాం. మన దేశంలో తిండి ద్వారా వచ్చే శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోంది. మొత్తం తగ్గించకుండా బియ్యం స్థానంలో గోధుమో చిరుధాన్యమో పెట్టినంత మాత్రాన లాభం కనబడలేదు. అందులో కొంత తీసేసి ఆ మేరకు పప్పుల నుంచి, పాల నుంచి ప్రోటీన్ తీసుకుంటే ముప్పు తగ్గుతున్నట్టు కనబడింది. మాస్టారు అంతా విని "మరి బెల్లం?" అన్నారు. ఆయనకు ఇంకొక సంగతి కూడా తెలిసింది. బీ12 విటమిన్ మొక్కల్లో ఉండదు, పైగా మెట్‌ఫార్మిన్ దాన్ని తగ్గిస్తుంది. పరీక్ష చేయించుకుంటే ఆయనకు నిజంగానే తక్కువుంది. అరికాళ్ల తిమ్మిర్లన్నీ షుగర్ ఖాతాలోనే రాసుకున్నారు పాపం.

ఇదంతా చదువుతుంటే మాకు మా దాదీ కుండ గుర్తొచ్చింది. పన్నెండు మంది ఇంట్లో శుక్రవారం అర కిలో మాంసం వచ్చేది. అర కిలో పన్నెండు మందికి ఎలా సరిపోతుంది? అందుకే దాల్చా. శనగపప్పు, పెద్ద పెద్ద సొరకాయ ముక్కలు, చింతపండు పులుసు, అందులో ఆ ఎముకలు, ముక్కలు. మిగతా వారాల్లో గోంగూరలో మాంసం, చింతచిగురులో మాంసం, దోసకాయలో మాంసం, మెంతికూరలో ఖీమా. మాంసం ఒక పక్క, కూరగాయ ఒక పక్క అన్న పంచాయితీ ఆ కుండలో ఎప్పుడూ లేదు. అది ఆరోగ్య శాస్త్రం తెలిసి చేసింది కాదు, డబ్బుల్లేక చేసింది. మనిషికి వచ్చేది నాలుగు పదుల గ్రాముల మాంసం, గుప్పెడు పప్పు, రెండు గుప్పిళ్ల సొరకాయ.

చేతిలో నాలుగు డబ్బులు ఆడాక మనం ముందుగా తీసేసింది సొరకాయను. దావత్‌లో దాల్చా పెడితే పిసినారి అంటారని భయం. ఇప్పుడు బిర్యానీ, దాని పక్కన కుర్మా, చికెన్ 65, మీఠా, కూల్ డ్రింకు. పచ్చనిది ఏదైనా ఉందా అంటే బిర్యానీ మీద చల్లిన కొత్తిమీర. మాంసం మనకు హలాల్. ప్రతి పూటా తినమని ఫర్జు మాత్రం కాదు కదా.

ఇప్పుడు అసలు మాటకు వస్తాం, కొందరికి కోపం రావచ్చు. రంజాన్‌లో మన సంఘం పంచే కిట్టు పదకొండేళ్లుగా మేమే కూర్చుని కడుతున్నాం. 10 కిలోల బియ్యం, 2 కిలోల పంచదార, 2 లీటర్ల పామాయిల్, కిలో సేమ్యా, కిలో మైదా, ఖర్జూరం, టీపొడి, అర కిలో కందిపప్పు. అయిదుగురున్న ఇంటికి మనిషికి 5 కిలోల చొప్పున 25 కిలోల రేషన్ బియ్యం ఎలాగూ వస్తుంది. అదే మనిషికి రోజుకు 165 గ్రాములు, వండితే 400 గ్రాములు దాటుతుంది. మన పది కిలోలు కలిస్తే రోజుకు అర కిలో అన్నం పైమాటే. ఇందాక చెప్పిన 450 గ్రాముల గీత గుర్తుచేసుకోండి. మన అర కిలో పప్పు మనిషికి రోజుకు మూడు గ్రాములు, చెంచాడు కూడా కాదు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన పట్టికలో పప్పు, గుడ్డు, మాంసం కలిపి రోజుకు 85 గ్రాములు ఉండాలని ఉంది. పదకొండేళ్లు మా చేతులతో కట్టి, ఈ లెక్క ఒక్కసారీ వేసుకోలేదు. లెక్కలు చెప్పే బడిలో పనిచేస్తూ.

బియ్యం మూట పెద్దగా కనబడితేనే దాతలు సంతోషిస్తారని ఒక పెద్దాయన అన్నారు. షీర్ ఖుర్మాకు పంచదార లేకపోతే పండుగ ఎలా అని ఇంకొకరు అన్నారు. రెండూ కాదనం. పంచదార అర కిలో ఉంచుదాం. బియ్యం 3 కిలోలకు తగ్గిద్దాం, మైదా తీసేద్దాం, పామాయిల్ ఒక లీటరు చాలు. ఆ డబ్బుతో కందిపప్పు, శనగపప్పు, పెసలు, వేరుశనగలు, వీలైతే ఒక అట్ట గుడ్లు పెడదాం. కిరాణా కొట్టు అబ్బాయి వేసిన అంచనా కాగితం కార్యదర్శిగారి దగ్గర ఉంది. కిట్టుకు తేడా పెద్దగా రావడం లేదు. బక్రీద్ మాంసం పంచేటప్పుడు ప్రతి సంచితోపాటు ఒక సొరకాయ ఇవ్వాలన్న మా మాటకు కమిటీలో అందరూ నవ్వారు. మేము నవ్వులాటకు అనలేదు.

ఒక్క హెచ్చరిక. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు పప్పు, మాంసం ఎంత తినాలో డాక్టరును అడగాలి. ఇన్సులిన్, బిళ్లలు వాడేవాళ్లు అన్నం ఉన్నట్టుండి తగ్గిస్తే షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. చెప్పి, మోతాదు మార్పించుకుని తగ్గించాలి. భాయిజాన్ ఇప్పుడు బిళ్లలు వేసుకుంటున్నారు, ఒక గరిటె అన్నం, శుక్రవారం మటన్, మిగతా రోజులు పప్పు, కూరలు, గుడ్డు, అప్పుడప్పుడు చేప. ఇషా తర్వాత వదినమ్మతో అరగంట నడక. మొన్నటి పరీక్షలో ఏడుకు కాస్త పైన ఉంది.

వంట అయిందని కబురొచ్చింది. ఇవాళ భోజనం వరసలో మొదట కీరా, ఉల్లి, క్యారెట్ ముక్కలు, తర్వాత సొరకాయ దాల్చా, ఆ తర్వాత కూర, చివర్న బిర్యానీ పెట్టమని వంటవాళ్లకు మేమే చెప్పాం. కూరగాయలు, మాంసం ముందు తిని అన్నం చివర్న తింటే భోజనం తర్వాత షుగర్ తక్కువ పెరుగుతుందని పరీక్షించి చూసినవాళ్లు ఉన్నారు. వరస చివరి నుంచి మొదలుపెట్టేవాళ్లను ఆపడానికి మా తొమ్మిదో తరగతి పిల్లలు గరిటెలు పట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్లతో పోట్లాడకండి. అస్సలాము అలైకుం.