చేప అని రాశాను

డీఏ బకాయిల సంగతి ముందు మాట్లాడినవారు చెప్పేశారు కనుక నేను తిమింగలం గురించి చెబుతాను. నవ్వకండి, ఇదీ ఆఫీసు వ్యవహారమే.

1981లో నేను తాలూకా ఆఫీసులో గుమాస్తాను. మైపాడు ఒడ్డుకు పెద్ద కళేబరం కొట్టుకొచ్చిందని మునసబు కబురు పంపితే, వివరాలు రాసుకు రమ్మని నన్ను పంపారు. తాడుతో కొలిస్తే నలభై అడుగులు దాటింది. ముక్కుకు తువ్వాలు కట్టుకుని నిలబడ్డాను. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఒకరు, "సారూ, ఇది చేప గాదు. మొప్పల్లేవు చూడండి. పైకొచ్చి ఊపిరి పీల్చకుంటే చచ్చిపోతాది" అన్నాడు. ఈయనకేం తెలుసులే అనుకున్నాను. "భారీ చేప ఒకటి. పూడ్పించడమైనది" అని రాసి సంతకం పెట్టాను.

రిటైరయ్యాక మనవరాలికి పాఠం చదివిస్తూ నాలుక కరుచుకున్నాను. తిమింగలం ఊపిరితిత్తులతో బతికే జంతువు. పిల్లను కని పాలిస్తుంది. అన్నిటికన్నా పెద్దదైన నీలి తిమింగలం రెండు మూడేళ్లకు ఒక్క పిల్లనే కంటుంది. చేపలాగా లక్షల గుడ్లు పెట్టదు. ఒకసారి తరిగితే కోలుకోవడానికి తరాలు పడుతుంది.

కాగితం మీద తప్పు రాసింది నేనొక్కణ్ణే కాదు. 1960లలో సోవియట్ ఓడలు అరేబియా సముద్రంలో 242 హంప్‌బ్యాక్ తిమింగలాలను చంపి, అంతర్జాతీయ తిమింగల వేట కమిషన్‌కు దొంగ లెక్కలు పంపాయి. అసలు లెక్కలను 1990లలో ఆ దేశపు శాస్త్రజ్ఞులే బయటపెట్టారు. ఇప్పుడక్కడ ఆ జాతివి వందకు లోపేనని అంచనా. నేను తెలియక రాశాను, వాళ్లు తెలిసే రాశారు.

వ్యాపారపు వేటకు 1986 నుంచి నిషేధం ఉంది. మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో పులితోపాటు తిమింగలమూ ఉంది. ఇప్పటి గండం వలలు, ఓడలు. పడమటి నుంచి మన కృష్ణపట్నానికి వచ్చే పెద్ద ఓడ శ్రీలంకను చుట్టి రావాల్సిందే, రామేశ్వరం దగ్గర లోతు చాలదు. ఆ లంక దక్షిణపు ఒడ్డునే నీలి తిమింగలాలు మేస్తాయి. 2022లో ఎమ్మెస్సీ అనే పెద్ద ఓడల కంపెనీ తన ఓడలను ఇంకాస్త దక్షిణానికి మళ్లించింది.

మన ఒడ్డుకు అలాంటిది కొట్టుకొస్తే, పూడ్చకముందే అటవీశాఖకు కబురు చేయించండి. ఆడదా మగదా, ఒంటిమీద వల గుర్తులున్నాయా, ఓడ తగిలిన గాయముందా అన్నది చూస్తేనే ఎందుకు చచ్చిందో తెలుస్తుంది. నేను పొడవొక్కటే రాశాను.

ఆ ఫైలు ఏ రికార్డు రూములో ఉందో, చెదలు తిన్నాయో. మన సభ్యులెవరికైనా కనబడితే చెప్పండి. "చేప" అన్న మాట కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టాలని ఉంది.