బుద్ధి స్థిరంగా ఉండగానే
(ఆలయ ప్రాంగణంలో చేసిన ప్రసంగ పాఠం)



భీష్మ పితామహుడు అంపశయ్యపై ఉత్తరాయణం వరకు ప్రాణాలు నిలుపుకొన్నాడు. నిర్మలబుద్ధితో ధర్మరాజుకు సమస్త ధర్మాలూ ఉపదేశించాడు. స్వచ్ఛంద మరణం ఆయన పొందిన వరం. మనకు ఆ వరం లేదు. మృత్యువు ఎప్పుడు వస్తుందో తెలియదు. అంతకు ముందే బుద్ధి మనలను విడిచిపోవచ్చును కూడ.

మా అగ్రజులకు పక్షవాతం వచ్చి మాట, స్మృతి రెండూ పోయాయి. చికిత్సకు ధనం వారి పేరిట బ్యాంకులో ఉంది. సంతకం చేయగల స్థితి లేదు. లోగడ తండ్రి ఇచ్చిన జి.పి.ఏ. ఉన్నదని మా అన్నగారి అబ్బాయి ధైర్యంగా వెళ్లాడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఇచ్చినవారికి మతి తప్పినా, మరణించినా ఆ అధికారం సాధారణంగా ముగిసిపోతుందని అప్పుడు తెలిసింది. వదినగారి గాజులు తాకట్టుకు వెళ్లాయి.

కనుక నాలుగు పనులు మనవి చేస్తాను.

మొదటిది, దంపతులు బ్యాంకు ఖాతాను ఇద్దరిలో ఎవరైనా నడుపుకొనే విధంగా ఉమ్మడిగా ఉంచుకోవడం.

రెండవది, వీలునామా. దీనికి స్టాంపు కాగితం అక్కరలేదు. మీ సంతకానికి కనీసం ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. ఆస్తి పొందేవారు సాక్షులు కాకుండటం మేలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గాని శ్రేయస్కరం. మనసు మారితే మరల వ్రాయవచ్చు. వీలునామా లేనిచో 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం పురుషుని స్వార్జితం భార్యకు, తల్లికి, కుమారులకు, కుమార్తెలకు సమానంగా చెందుతుంది.

మూడవది, నామినీ పేర్లను సరిచూచుకోవడం. బ్యాంకు డిపాజిట్టుకు నామినీ సొమ్ము అందుకొనేవాడే గాని యజమాని కాడు, వారసులకు అప్పగించవలసినవాడు.

నాలుగవది, వైద్య విషయమైన ముందస్తు ఆదేశం. కోలుకొనే ఆశ లేనప్పుడు యంత్రాలతో ప్రాణం నిలపవద్దనుకొనేవారు ఆ మాట వ్రాసి ఉంచవచ్చునని సుప్రీంకోర్టు 2018లో అంగీకరించింది. 2023లో పద్ధతిని సులభం చేసింది: ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలును. మన తరఫున నిర్ణయం చెప్పవలసినవారి పేర్లు కూడ అందులో వ్రాయాలి.

దాతలకు ఒక విన్నపం. యావదాస్తినీ స్వామివారికి వ్రాస్తామని కొందరు అంటారు. కుటుంబ పోషణకు విరోధం రాకుండా దానం చేయాలన్నది యాజ్ఞవల్క్య స్మృతి మాట. ముందు ఇల్లాలికి నీడ, గ్రాసం, పిమ్మట దేవునికి. ఇల్లాలిని నిరాశ్రయను చేసి ఇచ్చిన కానుక స్వామికి ప్రీతికరం కాజాలదు.

అన్నగారి మాసికం నాడే నేను వీలునామా వ్రాయడానికి కూర్చున్నాను. అమంగళమని నా సహధర్మచారిణి కంటతడి పెట్టింది. "నీ గాజులు నీ చేతికే ఉండాలని వ్రాస్తున్నాను" అన్నాను. మరి మాట్లాడలేదు, కళ్లజోడు తెచ్చి ఇచ్చింది. ఆ పత్రం ఏ పెట్టెలో ఉన్నదో మా పిల్లలందరికీ తెలుసు. మీరు కూడ వ్రాయండి. ఎక్కడ ఉంచారో చెప్పండి.

శుభం భూయాత్.