మేఘసందేశము: బండికీ బాటకూ నడుమ

(ఆనేకల్‌లో మన సంఘము జరిపిన ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము ఇప్పుడే ముగిసినది. మీ మీ రాశులకు ఆదాయ వ్యయములు, రాజపూజ్యావమానములు విన్నారు. నోటిలో వేపపూత చేదు ఇంకా పోలేదు. ఇట్టి వేళ మా ప్రసంగము ఎవరు వింటారని కార్యదర్శిగారితో అన్నాము. “వంట పూర్తి కావడానికి ఇంకా అరగంట పడుతుందండీ, మీరు మాట్లాడక తప్పదు” అన్నారు. కనుక ఈ ప్రసంగము నిడివికి బాధ్యులము మేము కాము, వంటవారు.

మనలో కొందరు రాయలసీమ నుండి, కొందరు నెల్లూరు నుండి, కొందరు తెలంగాణము నుండి పొట్ట చేతబట్టుకొని వచ్చి ఈ తాలూకాలో స్థిరపడినవారము. బొమ్మసంద్ర, జిగణి ఫ్యాక్టరీలకు పోయేవారు, ఎలక్ట్రానిక్ సిటీ ఆఫీసులకు పోయేవారు, టాక్సీలు నడిపేవారు, పండుగకు రాత్రి బస్సెక్కి ఊరికి పోయేవారు – అందరి ప్రాణములూ హొసూరు రోడ్డు మీదనే ఉన్నవి. ఆ రోడ్డు మీద బండ్లు ఇప్పుడు మాటలు నేర్చినవి. వాటి మాటను ఎంతవరకు నమ్మవచ్చును అన్నదే ఈనాటి మా విషయము.

ఈ విషయము మాకు పుస్తకములో తట్టినది కాదు. నిరుడు కార్తీకమాసములో ఒక సాయంత్రము మా మనుమరాలు ఎక్కిన బడివ్యాను వేళకు రాలేదు. మా కోడలు ఫోను తెరచి చూచినది. బండి ఎక్కడున్నదో చూపే చుక్క చందాపుర దగ్గర నిలిచి ఉన్నది. పది నిమిషములు, ఇరువది నిమిషములు, నలువది నిమిషములు – చుక్క కదలదు. డ్రైవరు ఫోను పలుకదు. ఇంతలో తల్లిదండ్రుల వాట్సాప్ గుంపులో ఎవరో ఒక వార్త వేసినారు: వ్యానుకు ప్రమాదము జరిగినదని. ఎవరు చూచినారో తెలియదు. ఎవరికి వారు మరొకరికి పంపుటే. మా వీధిలో నలుగురు తల్లులు చెప్పులు లేకుండా రోడ్డు మీదికి వచ్చినారు. మేము స్కూటరు తీసుకొని చందాపుర వైపు బయలుదేరినాము.

చందాపురలో వ్యాను లేదు. రద్దీ ఎక్కువై డ్రైవరు ఎప్పుడో మరొక దారి పట్టినాడు. దారిలో బండిలోని పరికరమునకు సిగ్నలు పోయినది. దూరాన ఉన్న కంప్యూటరు, కడపటిసారి తనకు తెలిసిన చోటునే ఇప్పటి చోటు అన్నట్లు చూపుతూ ఉన్నది. మేము తిరిగి వచ్చేసరికి పిల్ల గుమ్మములో కూర్చొని బిస్కట్లు తింటున్నది.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. చుక్క చెప్పినది అబద్ధము కాదు. అది పాతబడిన నిజము. గుంపులో వచ్చినది కొత్త మాటే. కాని అన్నవాడెవడో తెలియని మాట. ఈ రెండు మాటల నడుమ నాలుగు తల్లుల ప్రాణములు నలిగినవి.

ఇక బండి మాట్లాడుట అంటే ఏమిటో చూతము. మీరు అత్తిబెలె టోల్‌గేటు దాటుతారు. అద్దము మీద అంటించిన ఫాస్టాగ్‌లో బ్యాటరీ లేదు. పైనున్న యంత్రము రేడియో తరంగము పంపితే, ఆ తరంగపు బలముతోనే ఆ చీటీ మేలుకొని తన సంఖ్య చెప్పుతుంది. ఆ సంఖ్య బ్యాంకుల కంప్యూటర్లకు పోయి, రుసుము చెల్లి, అడ్డుకర్ర లేస్తుంది. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుండి జాతీయ రహదారుల టోల్‌గేట్లలో ఇది తప్పనిసరి అయినది. మనకు తెలియకుండానే మన బండి బాటతో సంభాషించుట నేర్చినది.

రెండవది, బస్సులలోను టాక్సీలలోను పెట్టే జాడ పరికరము. 2019 జనవరి 1 నుండి కొత్తగా రిజిస్టరయ్యే ప్రజారవాణా వాహనములకు దీనిని కేంద్ర ప్రభుత్వము విధించినది; ఆటోలకు మినహాయింపు ఇచ్చినది. అది బండి ఉన్న చోటును, వేగమును, సమయమును మొబైల్ తరంగముల మీద పంపుతూ ఉంటుంది. ఆపదలో నొక్కుటకు ఒక బొత్తాము కూడ ఉంటుంది.

మూడవది, వీధి సిగ్నళ్ళు. బెంగళూరులో ట్రాఫిక్ పోలీసువారు సి-డాక్ సంస్థ రూపొందించిన పద్ధతితో, బండ్ల రద్దీని బట్టి తమంతట తామే వ్యవధి మార్చుకొనే సిగ్నళ్ళు పెట్టినారు. అంబులెన్సు ఎక్కడున్నదో కనిపెట్టి దానికి పచ్చదీపమిచ్చే ఏర్పాటు కూడ చేపట్టినారు.

నాలుగవది, బండి బండితో నేరుగా మాట్లాడుట. ఇందులో మన తెలుగునాటికి చెప్పుకోదగిన పాలున్నది. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐ.ఐ.టి. హైదరాబాదు ఆవరణలో డ్రైవరు లేని బండ్లను పరీక్షించే ప్రత్యేక మార్గము 2022లో ప్రారంభమైనది. ఆ యేడే ఆ సంస్థవారు మారుతీ సుజుకీవారితో కలిసి, వెనుక అంబులెన్సు వస్తున్నదని, ఎదురుదారిలో తప్పుగా బండి వస్తున్నదని, మనిషి రోడ్డు దాటుతున్నాడని ముందే హెచ్చరించే బండ్లను నడిపి చూపినారు.

ఈ మాటలలో చాలభాగము ‘క్లౌడ్’ ద్వారా పోతవి. క్లౌడ్ అంటే మేఘమే గాని అందులో చినుకు తడి లేదు. పెద్ద పెద్ద భవనములలో వేల కంప్యూటర్లు వరుసలుగా ఉంటవి. బండి పంపిన మాట అక్కడికి చేరి, ఎవరికి కావలెనో వారికి పోతుంది. వెనుకటి రైళ్ళలో రాత్రంతా దీపము పెట్టుకొని ఉత్తరములను ఊళ్ళవారీగా వేరుచేసే తపాలా పెట్టె ఉండేది గదా, అట్టిది.

మేఘముతో కబురంపుట మనకు కొత్త కాదు. కాళిదాసుని యక్షుడు రామగిరి నుండి అలకాపురిలోని భార్యకు అట్లే పంపినాడు. దారి పొడవునా ఏ కొండ, ఏ నది తగులునో చెప్పినాడు. అంతటితో ఊరుకొనలేదు. ఈ మేఘమును నిజముగా తన మగడే పంపినాడని ఆ ఇల్లాలు నమ్మవలె గదా! అందుకని ఇద్దరికి తప్ప మూడవవారికి తెలియని ఒక ముచ్చటను, ఆమె ఒకనాడు నిద్రలో ఏడ్చి లేచిన సంగతిని, ఆనవాలుగా చెప్పి పంపినాడు. అశోకవనములో సీతమ్మ సైతము హనుమంతుని మొదట నమ్మలేదు. దొంగ సన్యాసిని నమ్మి చెడిన తల్లి ఎట్లు నమ్మును? రాముని ఉంగరము చూచిన తర్వాతనే ఆమె మనస్సు కుదుటపడినది. తాను తిరుగుకబురు పంపునపుడు చూడామణిని ఇచ్చి, కాకాసురుని కథ చెప్పినది. కబురు ఎంత ముఖ్యమో ఆనవాలు అంత ముఖ్యమని మన పెద్దలకు తెలియును.

నేటి ఇంజనీర్లు చేసేదీ అదే. బండి నుండి మాట రాగానే నాలుగు ప్రశ్నలు వేయవలెను. అన్నది ఎవరు? అన్నది అన్నట్లే చేరినదా? ఎప్పుడు అన్నారు? నడుమ ఎవరైనా విన్నారా?

మొదటి రెంటికి జవాబు ముద్ర. ప్రతి పరికరమునకు ఒక జంట తాళపుచెవులు ఉంటవి. ఇనుపవి కావు, పెద్ద పెద్ద సంఖ్యలు. ఒకటి రహస్యము, అది పరికరము దాటి బయటికి రాకూడదు. రెండవది అందరికీ ఇచ్చేది. రహస్యపు చెవితో వేసిన ముద్రను రెండవ చెవితో ఎవరైనా సరిచూడవచ్చును. కాని ఆ ముద్రను మరొకరు వేయలేరు. మాటలో ఒక్క అక్షరము మార్చినా ముద్ర సరిపడదు. ఇక ఈ చెవి ఫలానా బండిదేనని ఎవరు చెప్పవలెను? దానికి సబ్ రిజిస్ట్రారు వంటి ఒక అధికార సంస్థ ధ్రువపత్రమిస్తుంది. చెవి దొంగల పాలైనదని తెలిస్తే ఆ పత్రమును రద్దు చేసి, ఇది చెల్లదని అందరికీ చాటుతుంది.

మూడవ ప్రశ్న సమయము. నిన్న అంబులెన్సు సిగ్నలును పచ్చదీపమడిగిన మాటను ఒకడు పట్టుకొని, నేడు తన కారు కోసము మళ్ళీ వినిపించినాడనుకొనండి. ముద్ర అసలుదే, మాట అసలుదే, కాని నిన్నటిది. కనుక ప్రతి మాటకూ వేళ చేర్చవలెను. వేళ మీరినదానిని త్రోసిపుచ్చవలెను. రైల్వేవారు ఈ కిటుకును ఎప్పుడో కనిపెట్టినారు. ఒంటిలైను మీద, బెత్తపు వలయమునకు తగిలించిన సంచిలో టోకెను చేతికి వచ్చిన తర్వాతనే డ్రైవరు బండి కదిపేవాడు. ఆ టోకెను అవతలి స్టేషను యంత్రములో పడేవరకు రెండవ టోకెను బయటికి రాదు. పాత అనుమతితో కొత్త ప్రయాణము సాగదు. ఆ టోకెను మనుమడే నేటి ‘కవచ్’. రైలింజను పట్టా ప్రక్కనున్న పరికరములతో రేడియోలో మాట్లాడుతూ, డ్రైవరు ఏమరినా తానే బ్రేకు వేసే ఆ ఏర్పాటును 2016లోనే దక్షిణ మధ్య రైల్వేలో ప్రయాణికుల బండ్లపై పరీక్షించినారు.

నాలుగవ ప్రశ్న మన ఇంటి గుట్టుకు సంబంధించినది. బండి రోజూ ఏ వేళ ఎక్కడికి పోతుందో తెలిసినవానికి ఇల్లు ఎప్పుడు తాళమేసి ఉంటుందో తెలిసినట్లే. అందుచేత మాటను దారిలో ఇతరులు చదువలేనట్లు మూసి పంపవలెను. బండి బండితో చుట్టూ అందరూ వినేటట్లు మాట్లాడేచోట మూయుట కుదరదు. అక్కడ బండి తన పేరు చెప్పక, మాటిమాటికీ మారే మారుపేర్లతో మాట్లాడేటట్లు ఏర్పాటు చేసినారు. పేరు తెలియకున్నను ధ్రువపత్రము అసలుదేనని వినేవారికి తెలుస్తుంది.

ఇవి లేకపోతే ఏమగునో 2015లో అమెరికా చూచినది. చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అను ఇద్దరు పరిశోధకులు ఇంటిలో కూర్చొని, సెయింట్ లూయిస్ పెద్దరోడ్డు మీద పోతున్న ఒక జీపు వేగమును మొబైల్ తరంగముల ద్వారా పడగొట్టినారు. నడిపే విలేఖరికి ముందే చెప్పి చేసిన పరీక్షే అయినను అతనికి చెమటలు పట్టినవి. ఆ కంపెనీ 14 లక్షల బండ్లను సరిచేయుటకు వెనుకకు పిలువవలసి వచ్చినది. తర్వాత ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యమున బండ్ల సైబర్ రక్షణకు ఒక నిబంధన ఏర్పడి 2021లో అమలులోకి వచ్చినది.

అయితే ముద్ర ఉన్నంత మాత్రమున మేఘము సర్వశక్తిగలది కాదు. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోయే బండి ఒక సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. ముందు బండి బ్రేకు వేసిన కబురు మేఘమునకు పోయి అర సెకను ఆలస్యముగా వచ్చినా 8 మీటర్లు గడచిపోతవి. అందుచేత బ్రేకు కబురు నేరుగా బండి నుండి బండికి, సెకనుకు పదిసార్లు పోవలెనని పద్ధతి. రెండు కిలోమీటర్ల అవతల రోడ్డు మూసినారన్న కబురుకు మేఘము చాలును. ఇక బన్నేరుఘట్ట అడవి అంచున దారికి అడ్డము వచ్చే ఏనుగుకు, వీధిలో ఆవుకు, చీకటిలో సైకిలు త్రొక్కే కూలివానికి పరికరము ఎవరు కట్టినారు? మాట్లాడని వారు కూడ రోడ్డు మీద ఉన్నారని మాట్లాడే బండ్లు మరువరాదు; వాటిని నడిపే మనమూ మరువరాదు.

కడపట, ఇంటికి పోయి చేయదగిన నాలుగు పనులు చెప్పి ముగిస్తాము. బడివ్యాను యాప్‌లో చుక్క ప్రక్కన, అది ఏ వేళకు ఉన్న చోటో చూపమని బడివారిని అడగండి. మేము అడిగినాము; మొదట విసుగుకొన్నారు, పదిమంది తల్లులు కలిసి పోయేసరికి మార్పించినారు. ఆ జాడలను ఎవరెవరు చూడగలరో, ఎన్నాళ్ళు దాచుతారో కూడ అడగండి. పిల్లల వివరములకు తల్లిదండ్రుల సమ్మతి కావలెనని 2023 నాటి చట్టమే చెప్పుచున్నది.

రెండవది, కారు అమ్మినపుడు తాళములు ఇచ్చి ఊరుకొనకండి. ఫోనుకు, కారుకు గల బంధము తెంపండి, ఫాస్టాగ్ మూయించండి. కొన్నవారు పాత యజమాని యాప్ తొలగినదో లేదో చూచుకొనండి. మూడవది, మీ బండికి జరిమానా పడినదని వాట్సాప్‌లో ఏదో ఫైలు వస్తే దానిని తెరవకండి. అది దొంగ సన్యాసి. రవాణాశాఖవారి పరివాహన్ సైటులో మీరే బండి నంబరు వేసి చూచుకొనండి. డబ్బు పోతే ఆలస్యము చేయక 1930కి ఫోను చేయండి.

నాలుగవది అన్నిటికన్న సులువు, అన్నిటికన్న కష్టము. గుంపులో వచ్చిన ప్రమాదవార్తను మరొకరికి పంపే ముందు, “చూచినది ఎవరు, ఎప్పుడు?” అని అడగండి. ఆనాడు మా గుంపులో ఒక్కరు ఆ మాట అడిగి ఉంటే నలుగురు తల్లులు చెప్పులు లేకుండా రోడ్డెక్కేవారు కారు.

వంటశాల వైపు నుండి పులిహోర పోపు వాసన వస్తున్నది. దానికి ముద్ర అక్కరలేదు. అన్నవారెవరో, ఎప్పుడన్నారో అందరికీ తెలిసినదే. నూతన సంవత్సరమున మీ బండ్లు క్షేమముగా పోయి, వేళకు ఇంటికి చేరు గాక.