చర్మానికి పథ్యం

మాఘ ఫాల్గుణ మాసాలలో గుంటూరు నుండి ఒంగోలు వైపు ప్రయాణం చేసేవారికి దారి పొడవునా ఎర్రని మిరప కల్లాలు కనిపిస్తాయి. ఆ కల్లాలలోను, పత్తి చేలలోను పొద్దు పొడిచినది మొదలు ఎండలో పనిచేసేవారిలో అధికులు స్త్రీలు. మిరప కోసిన చేతులు మండితే అది కాయలోని ఘాటు పని. దానిని వట్టి నీళ్ళు వదిలించలేవు. కొంచెం నూనె రాచి, ఆపైన సబ్బుతో కడుగుకొంటే తగ్గుతుంది. కాని ఎండ తగిలిన మేర మాత్రమే, రెండు చేతుల మీదా ఒకే తీరుగా చర్మం కమిలి, నల్లబడి, పొరలుగా లేస్తున్నా, మెడ చుట్టూ కంటె వేసినట్లు పట్టీ ఏర్పడినా, అది ఎండ ఒక్కదాని పని కాదు. బి విటమినులలో ఒకటైన నయాసిన్ లోపించుట వలన వచ్చే ఆ వ్యాధి పేరు పెల్లాగ్రా. ముదిరితే విరేచనాలు, మతిభ్రంశం, చివరకు మరణం కూడ కలుగుతాయి.

దీని చరిత్ర పత్తి పండించే వారు వినదగినది. ఇరవయ్యవ శతాబ్దం తొలినాళ్ళలో అమెరికా దక్షిణ రాష్ట్రాల పత్తి సీమలో ఈ వ్యాధి వేలమందిని బలిగొన్నది. అక్కడ గడప దాకా పత్తి వేసేవారు. కూరపాదుకు గాని, పాడి ఆవుకు గాని చోటు మిగలలేదు. కూలీలకు మొక్కజొన్న పిండి, బెల్లపు పాకం, పంది కొవ్వు ఇవే తిండి. అందరూ దీనిని అంటువ్యాధి అనుకొన్నారు. 1914లో ఈ పరిశోధనకు నియమితుడైన డాక్టరు జోసెఫ్ గోల్డ్‌బర్గర్ ఒక చిన్న విషయం గమనించాడు: అనాథ శరణాలయాలలో పిల్లలకు వ్యాధి వస్తున్నది, వారి మధ్యనే తిరిగే ఉద్యోగులకు రావడం లేదు. పిల్లల పళ్ళెంలో పాలు, గుడ్లు, చిక్కుడు గింజలు, మాంసం చేర్చగానే వ్యాధి తొలగిపోయినది. అయినా నమ్మనివారి కోసం ఆయన రోగుల రక్తాన్ని తన ఒంటిలోకి సూదితో ఎక్కించుకొని చూపించాడు. ఆయన 1929లో మరణించాడు. లోపించిన పదార్థమేదో 1937లో గాని తేలలేదు.

మన దేశంలో కథ మరింత చిత్రమైనది. హైదరాబాదులో పెల్లాగ్రాతో ఆసుపత్రికి వచ్చేవారు ఎక్కువగా జొన్న తినే పేదలు. జొన్నలో నయాసిన్ తెల్లని మరబియ్యంలో కన్న ఎక్కువే గాని తక్కువ కాదు. మరి బియ్యం తినేవారికి రాని వ్యాధి వీరికెందుకు వచ్చినది? జొన్నలో అధికంగా ఉండే ల్యూసిన్ అనే మాంసకృత్తుల భాగం నయాసిన్ పనికి అడ్డుపడుతున్నదని డాక్టరు గోపాలన్, డాక్టరు శ్రీకంఠయ్యలు 1960లో ప్రతిపాదించారు. దానిపై పండితులలో వాదాలు జరిగినవి. కాని ఒక్క జొన్న మీదనే బ్రతికేవాడి చర్మానికి రక్షణ తక్కువ అన్నంతవరకు సందేహం లేదు.

పలనాటి జొన్నకూటిని ఈసడించినట్లు శ్రీనాథుని పేర చాటువులు ప్రచారంలో ఉన్నవి. ఆ మహాకవితో నేను ఏకీభవించలేను. మా అమ్మమ్మ జొన్నరొట్టె వెంట కందిపప్పో, వేరుశెనగ పచ్చడో, గడ్డ పెరుగో లేకుండా పెట్టి ఎరుగదు. తప్పు జొన్నది కాదు, జొన్న ప్రక్కన ఏమీ లేకపోవడానిది. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చిన తరువాత పేద ఇండ్లలో జొన్న వాడకం తగ్గినది. ఇప్పుడు మధుమేహ భయంతో కలిగినవారు మరల జొన్న పడుతున్నారు. వారికి పప్పూ పాలూ ఉన్నవి కనుక భయం లేదు.

నాకు భయం కలిగించేది మన పథ్యం. ఒంటి మీద పొక్కు కనిపించగానే గుడ్డు, చేప, వేరుశెనగ, కందిపప్పు మాన్పించి చారన్నం పెడతారు. చిన్నతనంలో నాకు తామర వస్తే నెల దినాలు అదే భోజనం. నేను చిక్కినాను గాని తామర చిక్కలేదు. తామర బూజు జాతి వలన, గజ్జి కంటికి ఆనని పురుగు వలన వస్తాయి. వాటికి పూతమందు కావాలి, ఉపవాసం కాదు. ఏదైనా పదార్థం తిన్న ప్రతిసారీ దద్దుర్లు లేస్తుంటే ఆ ఒక్కటి మానవచ్చును. పెల్లాగ్రా రోగికి ఈ పథ్యం పెట్టుట మాత్రం ప్రాణాపాయం, ఎందుకంటే మనం మాన్పించినవే అతనికి మందు. వేరుశెనగ పలుకులలో నయాసిన్ పుష్కలం. పాలలో, గుడ్డులో అది స్వల్పమే గాని, వాటిలోని ట్రిప్టోఫాన్ నుండి శరీరం నయాసిన్ తయారు చేసుకొంటుంది.

పిల్లల మోచేతుల మీద, మోకాళ్ళ మీద చర్మం కప్ప ఒంటివలె గరగరలాడుతూ ముళ్ళు లేస్తే కూడ పళ్ళెం వైపే చూడాలి. బి విటమినులు, నూనెలలోని అవసరమైన కొవ్వులు చాలనప్పుడు అట్లు జరుగుతుంది. ఆకుకూరలో ఒక చెంచా నూనె, గుప్పెడు పలుకులు పెద్ద ఖర్చు కాదు.

నేడు పెల్లాగ్రా అరుదు. అయినా తిండి మాని తాగుడుకు బానిసైన వారిలోను, క్షయకు ఐసోనియజిడ్ మాత్రలు వాడే బలహీనులలోను అప్పుడప్పుడు తల ఎత్తుతున్నది. ఇంట్లో అటువంటి వారి చేతులు, మెడ నల్లబడి పొరలు లేస్తుంటే పూతలతో కాలం గడపక ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. క్షయ మాత్రలు తమంత తాము మానరాదు. వైద్యుడు నికోటినమైడ్ మాత్రలు ఇస్తే నాలుక మంట కొద్ది రోజులలోనే చల్లారుతుంది. చర్మం మరల నునుపు దేరుటకు కొన్ని వారాలు పడుతుంది. ఆ వారాలలో ఎండకు పొడుగు చేతుల చొక్కా, తలకు గుడ్డ, పూటపూటా పప్పు, పాలు తప్పనిసరి.