గోరింటాకు, నీలియాకు: ఇంటనే కేశసంస్కారము
(లాస్‌పేటలో తెలుగు ఉద్యోగుల కుటుంబముల ఎదుట చేయబడిన ప్రసంగ పాఠము)



కేశసంస్కారమను మాట వినబడగానే అది స్త్రీల ముచ్చటయని పురుషులు వెనుక వరుసలకు జరుగుట వాడుక. కాని పదవీ విరమణకు రెండు మూడేండ్లుండగా తలకు రంగు వేయ నారంభించువారిలో పురుషులు తక్కువేమియు కారని అందరు నెరిగినదే. కావున ఈ విషయము ఉభయులకును చెందినది. ఇది అందమునకు మాత్రమే పరిమితము కాదు. ఇంటి ఆరోగ్యమునకును, ఒక్కొక్కచో ప్రాణమునకును సంబంధించినది.

లాస్‌పేటలో కూర్చుండి నీలియాకును గూర్చి మాటలాడుట ఎంతయు తగియున్నది. పుదుచ్చేరి ఒకప్పుడు ప్రపంచమునకు నీలిబట్టల నందించిన రేవు. గినీ బట్టలని పేరొందిన ముదురు నీలి నూలుబట్టలు ఇచ్చటి నుండి ఫ్రెంచివారి ఓడలపై వెడలి ఆఫ్రికాలోని సెనెగల్ తీరమును చేరి, అచ్చట తుమ్మబంకకు మారకపు సరకుగా చెల్లినవి. ఆ బట్టలకు రంగునిచ్చిన నీలిచెట్టు చుట్టుపట్ల దక్షిణ ఆర్కాటు సీమలోను, మన కడప, కర్నూలు, నెల్లూరు సీమలలోను పండినది. 1880లో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఆడాల్ఫ్ ఫాన్ బేయర్ నీలిరంగును ప్రయోగశాలలో నిర్మించెను. 1897లో కృత్రిమ నీలి అంగళ్లకు వచ్చెను. తరువాత కొలది కాలములోనే చేలలోని నీలి వెనుకబడెను. అయినను తిండివనము ప్రాంతమున నేటికిని నీలిసాగు ఉన్నది. ఆ ఆకుపొడియే తలరంగుగా దేశదేశములకు పోవుచున్నది. బట్టల విపణిలో ఓడిపోయిన ఆకు తలమీద నిలిచినదన్నమాట.

ఇచ్చట ఒక చిన్న తమాషా కలదు. గోరింటకు శాస్త్రీయనామము లాసోనియా ఇనెర్మిస్. లాస్‌పేటలోని లా వేరు, లాసోనియాలోని లాసన్ వేరు. మొదటిది పదునెనిమిదవ శతాబ్దమున పుదుచ్చేరి నేలిన ఫ్రెంచి గవర్నరు లా ద లోరిస్టన్ పేరని చెప్పుదురు. రెండవవాడు ఐజక్ లాసన్ అను స్కాట్లండు వైద్యుడు. తన గ్రంథముద్రణకు తోడ్పడిన ఆయన పేరిట లినేయస్ ఈ చెట్టునకు నామకరణము చేసెను. పేర్లు కలిసినంత మాత్రమున గోరింట లాస్‌పేట సొత్తని వాదింప వీలులేదు.

గోరింటాకులో లాసోన్ అను ఎఱ్ఱని వర్ణద్రవ్యము కలదు. అది వెండ్రుకలోని కెరాటిన్ అను మాంసకృత్తుతో గట్టిగా పెనవేసికొనును. కావుననే చేతిమీది పండుదనము చర్మము రాలినకొలది పోవును గాని, తలమీదిది అంత సులభముగా పోదు. గోరింటాకు ఒక్కదానినే పెట్టినచో నెరసిన వెండ్రుక నారింజవన్నె పొందును, నల్లబడదు. ఈ ఒక్క విషయము గుర్తుంచుకొన్నవారు సగము మోసములనుండి తప్పించుకొందురు.

నలుపు కావలెనన్న నీలియాకు తోడు కావలయును. ఈ ఆకులో సిద్ధమైన రంగు లేదు. ఇండికాన్ అను వర్ణహీన పదార్థము మాత్రమే ఉండును. పొడిని నీటిలో కలుపగనే ఆకులోని ఎంజైము దానిని విడగొట్టును. విడివడినది వెండ్రుకలోనికి చొచ్చి, గాలిలోని ప్రాణవాయువుతో కలిసి నీలిగా మారును. తెల్లని వెండ్రుకపై నీలియాకును మాత్రమే పెట్టినచో పచ్చదనము, నీలిచాయ కనబడి చూపరులు నవ్వుదురు. నారింజవన్నెపై నీలి పడినప్పుడే గోధుమవన్నెయు, దానికి మించి నలుపును వచ్చును.

విధానము కష్టమైనది కాదు. భుజముల వరకు గల జుట్టునకు సుమారు నూరు గ్రాముల గోరింటపొడి చాలును. గోరువెచ్చని నీటితోగాని, చల్లార్చిన తేయాకు కషాయముతోగాని, కొంచెము నిమ్మరసము చేర్చి ముద్దగా కలిపి, మూతపెట్టి కొన్ని గంటలుంచవలయును. ఈ ఊరి వేసవిలో రాత్రియంతయు నానబెట్టనక్కరలేదు. ఇనుప మూకుడులో కలుపుట మన పెద్దల వాడుక; తేయాకు, ఉసిరికలలోని వగరు ఇనుముతో కలిసి నలుపెక్కును. జిడ్డులేని శుభ్రమైన తలకు ముద్దనంటించి, రెండు మూడు గంటల పిమ్మట కడుగవలయును.

తరువాత నీలి. దీనికి పులుపు పనికిరాదు, నానబెట్టుటయు పనికిరాదు. గోరువెచ్చని నీటిలో చిటికెడు ఉప్పుతో కలిపి, పదునైదు నిమిషములలోపల తలకు పట్టించవలయును. ఆలస్యమైనచో రంగు వెండ్రుకలోగాక గిన్నెలోనే ఏర్పడును. గంట మొదలు రెండు గంటల వరకుంచి వట్టినీటితో కడుగవలయును. ఆనాడు సబ్బు, కుంకుడు తగులరాదు. కడిగిన వెంటనే అద్దము చూచి నిరాశపడువారు కలరు. తొందరపడరాదు; రంగు మరునాటికి, ఆ మరునాటికి ముదురును.

అంగడికి పోయినపుడు మన పేర్లు ఇచ్చట చెల్లవు. గోరింటాకును మరుదాణియనియు, నీలిని అవురియనియు, మందారమును సెంబరుత్తియనియు, గుంటగలగరను కరిసలాంగణ్ణియనియు, కుంకుడును పూందికొట్టయనియు అడుగవలయును. నాట్టుమరుందు కడలలో ఇవి లభించును. ఎన్నడును తెలుగున అడిగి "లేదు" అనిపించుకొనుట కంటె ఈ అయిదు మాటలు కంఠస్థము చేయుట మేలు.

రంగుకంటె తలంటు ముఖ్యము. పుదుచ్చేరి భూగర్భ జలముపై ఆధారపడిన పట్టణము. కఠినజలములో సబ్బు పెట్టినచో తెల్లని మడ్డి ఏర్పడి వెండ్రుకలకంటి జుట్టు జీబురుగా ఉండును. కుంకుడుకాయలోని సాపోనిన్లు అట్టి మడ్డినీయవు. పైగా ఆ రసము కొంచెము ఆమ్లగుణము కలది కావున వెండ్రుక పైపొర అణగియుండును. కంటిలో పడినపుడు కలుగు మంట మాత్రము బాల్యమున కుంకుడుతో తలంటు పోసికొన్న వారెవ్వరును మరువలేరు. మందారాకు నూరిన జిగురును, నానబెట్టిన మెంతుల ముద్దయు జుట్టునకు మెత్తదనము నిచ్చును. వీటిచే క్రొత్త వెండ్రుకలు మొలచునను ప్రకటనలను మాత్రము నమ్మ పనిలేదు. ఉన్న జుట్టు చిట్లక నిలుచుటయే వీని ప్రయోజనము.

ఇక ప్రమాదము సంగతి. తలరంగులలో పలువురు వాడునది పారాఫినిలీన్ డైఅమీన్ అను రసాయనము. 1907లో పారిస్‌లో యూజేన్ షూలర్ కృత్రిమ కేశవర్ణమును సిద్ధపరచినది మొదలు ఈ జాతి రంగులు వ్యాపించినవి. ఐరోపా సంఘము తలకు పెట్టునపుడు ఇది నూటికి రెండుపాళ్లు మించరాదని నియమించినది. కొందరికి ఇది సరిపడక కనురెప్పలు వాచి, నుదురు, చెవులు పొక్కులెత్తును. ఒకసారి సరిపడని వారికి జీవితాంతము సరిపడదు. "నల్ల మెహందీ" పేరిట అమ్ముదానిలో ఇదే కలిసియుండుట తరచు. ఆకునుండి వచ్చు గోరింట ఎన్నడును నలుపు కాదని ముందే చెప్పబడినది గదా! ఏ రంగునైనను వాడుటకు రెండుదినముల ముందు మోచేతి మడతలో కొంచెము పూసి చూచుట అవసరము. ఆకుపొడికిని ఈ పరీక్ష వర్తించును. జి6పిడి అను ఎంజైము లోపమున్న పసిబిడ్డలకు గోరింటాకు పూసినచో రక్తకణములు విచ్ఛిన్నమగుట కలదు. అట్టి కుటుంబములవారు బిడ్డలకు దానిని పెట్టరాదు.

అన్నిటికంటె భయంకరమైనది ఆ రసాయనపు రంగు కడుపులోనికి పోవుట. రాయలసీమ, తెలంగాణ ప్రాంతముల పెద్దాసుపత్రుల వైద్యులు దీనిని గూర్చి వైద్యపత్రికలలో పలుమారులు వ్రాసియున్నారు. మొదట మెడ, గొంతు వాచి ఊపిరి అడ్డును. పిదప కండరములు కరగి మూత్రము నల్లబడి మూత్రపిండములు చెడును. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. గొంతునకు రంధ్రము చేసి ఊపిరి నిలిపి, మూత్రపిండములను కాపాడుటయే చికిత్స. కావున క్షణమైనను ఇంటి వైద్యము చేయక ఆసుపత్రికి చేర్చవలయును. లాస్‌పేటవారికి గోరిమేడులోని జిప్‌మర్ దగ్గరనే ఉన్నది. కొంచెము ధరకు దొరకు ఆ సీసా స్నానాల గది గూటిలో సబ్బు పక్కన ఉండవలసినది కాదు. బిడ్డలున్న ఇంటను, మనసు కలత చెందినవారున్న ఇంటను అది లేకుండుటయే మేలు.

ఆకుపొడులను గాజుసీసాలో, గాలియు తేమయు తగులకుండ దాచవలయును. సముద్రపు గాలికి ఈ ఊర నీలిపొడి త్వరగా పాడగును. పాడైనది నీటిలో ఎంతసేపున్నను పైన నీలిపొర కట్టదు. అట్టిదానిని కొన్నవారు అంగడికి తిరిగి పంపవచ్చును. నెలకు వెండ్రుక సుమారు ఒక సెంటీమీటరు పెరుగును గనుక, మరల తెల్లని మొదళ్లు కనబడినపుడు మొదళ్లకు మాత్రమే పూసినచో చాలును.